థర్మాకోల్ అగ్నిపర్వతం, సరుగుడు కర్ర

మా బడి బీరువా మీద ఒక అగ్నిపర్వతం ఉంది. థర్మాకోల్‌ది. పదేళ్ల కిందట మండల స్థాయి టీఎల్‌ఎం మేళా, అంటే బోధనోపకరణాల ప్రదర్శన కోసం రెండు రాత్రులు మేలుకుని చేశాను. లోపల చిన్న బల్బు, బల్బు వెనకాల అగరుబత్తి పొగ. లావా రంగు సరిగ్గా రాలేదని వంటింట్లో పసుపు డబ్బా ఖాళీ చేస్తే మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మొదటి బహుమతి వచ్చింది. శాలువా కప్పారు, ఫొటో తీశారు.

మర్నాడు తరగతిలో బల్ల మీద పెట్టి "ఇదేంటర్రా?" అన్నాను.

"మాస్టారు సేసిన కొండ."

"లోపల ఏముంది?"

"బల్బు."

వాళ్లు నేర్చుకున్నది అంతే. ఇంకేం నేర్చుకుంటారు, దగ్గరకి రానిస్తే కదా! "ముట్టుకోకండ్రా, విరిగిపోతుంది" అని కాపలా కాసింది నేనే.

మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల. సముద్రం దగ్గరే. సగం మంది వేటకి వెళ్లేవాళ్ల పిల్లలు, సగం మంది వరి, కొబ్బరి ఉన్నవాళ్ల పిల్లలు. మూడు, నాలుగు, అయిదు తరగతులు నావి. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ నేనే చెప్పాలి. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో బోధనోపకరణాల కోసం టీచరుకి ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు. శ్రీకాకుళం వెళ్లి అచ్చు చార్టులు కొనడం, రిజిస్టర్‌లో ఎక్కించడం, పిల్లలు చింపేస్తారని అందనంత ఎత్తున మేకు కొట్టి తగిలించడం. కూరగాయలు, వాహనాలు, దేశ నాయకులు. ఆ చార్టులని దగ్గరగా చూసింది మా గోడ మీది బల్లి ఒక్కటే.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. నేను వమరవల్లిలోని టీచర్ల శిక్షణ సంస్థ డైట్‌లో చదువుకున్న రోజుల్లో ఏపీపీఈపీ అని బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచే ప్రాథమిక విద్యా ప్రాజెక్టు ఉండేది. దానికి ఆరు సూత్రాలు. పిల్లలు చేసిన పనినే గదిలో ప్రదర్శించాలన్నది వాటిలో ఒకటి. పరీక్షలో ఆరూ పొల్లుపోకుండా రాసి మార్కులు తెచ్చుకున్నాను. బడిలో చేరాక కొన్న చార్టులే తగిలించాను.

బొమ్మ పెడితే చాలు, పాఠం దానంతటదే బుర్రకెక్కుతుందని నా నమ్మకం. అది మొదట అక్షరాల దగ్గర బెడిసికొట్టింది. మూడో తరగతికి వచ్చినా అక్షరాలు తడుముకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఏటా ఉంటారు. వాళ్ల కోసం ఫ్లాష్ కార్డులు తీశాను. "ఖ" కార్డు మీద గాడిద ఉంది, ఖరం అని. పిల్లాడు బొమ్మ చూసి ధైర్యంగా "గ" అన్నాడు. తప్పేముంది, గాడిదే కదా! "ఘ" కార్డు మీద ఘటం. వాడు "క" అన్నాడు. వాళ్లింట్లో దాన్ని కుండ అంటారు మరి. ఇక "ఝ" కార్డు తీసేసరికి ఝషం, అంటే చేప. వేట వాళ్ల గుంటడు లేచి, "ఇది మన సముద్రం చేప కాదు మాస్టారూ, సెరువు చేప" అన్నాడు. పక్కవాడు ఒప్పుకోలేదు. రెక్క ఇలా ఉండదని ఒకడు, తోక ఇలా చీలదని ఒకడు. పది నిమిషాల వాదనలో "ఝ" సంగతి అందరం మర్చిపోయాం, నాతో సహా.

ఆ కార్డులు లోపల పెట్టేసి, పెళ్లి శుభలేఖల అట్టలు తెచ్చి వాళ్లనే వేయమన్నాను. ఆ బొమ్మలు చూస్తే నవ్వొస్తుంది గానీ అక్షరం మాత్రం నిలిచింది. "క"కి కానాగంత చేప వచ్చింది. "ఖ"కి బోర్లించిన నీళ్ల సీసా, ఖాళీ అని. "ఘ"కి నాలుక బయటపెట్టిన మొహం, పక్కన మిరపకాయ, ఘాటు అని. "ఝ"కి ఎంత వెతికినా ఏమీ దొరక్క, ఒక పిల్ల వాళ్ల పక్కింటి ఝాన్సీ అక్క బొమ్మ వేసుకొచ్చింది.

జిల్లా మ్యాపుతో వేరే తంటా. "ఉత్తరం ఎటు?" అంటే తరగతి మొత్తం కప్పు వైపు వేలు పెట్టింది. గోడకి నిలువుగా తగిలించిన మ్యాపులో ఉత్తరం పైనే కదా ఉంటుంది! నదులు ఎందుకు పారతాయంటే, పైనుంచి కిందకి జారిపోతాయి అన్నారు. అదీ మ్యాపు చూసి చెప్పిందే. ఆ రోజు దాన్ని మేకు నుంచి తీసి నేల మీద పరిచాను. ఉత్తరం నిజంగా ఉత్తరానికి వచ్చేదాకా తిప్పి, గార దగ్గర ఒకణ్ని నిలబెట్టాను. "కళింగపట్నం ఎటు? శ్రీకూర్మం ఎటు?" మ్యాపు మీద వేలు పెట్టి, అదే వేలు కిటికీలోంచి బయటికి చాపడం. తూర్పు వైపు చూపిస్తే సముద్రం, సరిగ్గా సముద్రం వైపే. వంశధార వెంట పైకి పైకి వేలు జరుపుకుంటూ పోయిన ఒక పిల్ల ఆగి, "అయితే ఒడిశా మన వంటగది ఎనకాలా మాస్టారూ?" అంది. అవునన్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురు వంటగది వెనక్కి వెళ్లి చూసొచ్చారు.

భిన్నాల గురించి ఎక్కువ చెప్పను. పుస్తకంలో గుండ్రటి బొమ్మలకి ఎంత రంగేసినా మూడో వంతు కంటే నాలుగో వంతే పెద్దదనేవాళ్లు, మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే చిక్కీ ఒకటి ముగ్గురికి, ఒకటి నలుగురికి పంచమన్నాను. నలుగురి జట్టులో ఉన్నవాళ్లు ఏడుపు మొహాలు పెట్టారు. పాఠం అయిపోయింది. "పెద్ద సగం నాకు" అనడం మాత్రం ఇప్పటికీ మాన్పించలేకపోయాను.

స్మార్ట్ టీవీ వచ్చింది. నేను దానికి వ్యతిరేకిని కాను. మంచు పడటం, తిమింగలం ఈదటం నేనెక్కణ్నుంచి తెచ్చి చూపిస్తాను? కానీ మొదటి ఏడాది గింజ మొలకెత్తే వీడియో ముందు చూపించి, తర్వాత తడిగుడ్డలో అలసందలు పెట్టించాను. మర్నాడు పొద్దున్నే "మనవి పాడైపోయాయి మాస్టారూ, మొక్క రానేదు" అని గోల. టీవీలో అరనిమిషంలో వచ్చింది కదా! ఇప్పుడు ముందు అలసందలు, రోజుకో బొమ్మ నోటుబుక్కులో, వారం తర్వాత వీడియో. అప్పుడు టీవీకే వంక పెడతారు, "మనకి ఏరు ఇటు తిరిగింది, ఈడికి అటు తిరిగింది" అని.

సౌరకుటుంబం చార్టులో సూర్యుడి పక్కనే భూమి, భూమిని ఆనుకుని చంద్రుడు. అన్నీ మూరెడు కాగితంలోకి రావాలి, అచ్చువాళ్లు మాత్రం ఏం చేస్తారు? నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయని భూమి అనుకుంటే, చంద్రుడు సెంటీమీటరు శనగగింజ, 120 సెంటీమీటర్ల దూరంలో. సూర్యుడు నాలుగు మీటర్ల పైన ఉంటాడు, మా గదిలో పట్టడు. దూరం 470 మీటర్లు. నిమ్మకాయ గేటు దగ్గర పెట్టి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాం. రామమందిరం దాటాం, చెరువు గట్టూ దాటాం. "ఇంకా రానేదేటి మాస్టారూ సూర్యుడు?" అని దారి పొడవునా అడుగుతూనే ఉన్నారు. నెప్ట్యూన్ సంగతి చెప్పలేదు. అది 14 కిలోమీటర్లు, ఆటో కట్టించుకోవాలి.

ఇంకో బొమ్మ మీద నాకు మరీ కోపం. భూమి కక్ష్యని సాగదీసి కోడిగుడ్డులా గీస్తారు. అది చూసిన ఏ పిల్లాడైనా, దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అనుకుంటాడు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వెళ్లేది జనవరి మొదటి వారంలో, మన పిల్లలు చలికి వణుకుతూ భోగి మంటకి దుంగలు ఏరుకునే రోజుల్లో.

అందుకే, సూర్యుడు ఏ రోజు ఎంత ఎత్తున నడుస్తాడో పిల్లలే చూసుకోవాలని, బడి ఆవరణలో ఒక సరుగుడు కర్ర పాతించాను. నేల మీద సరిగ్గా మీటరు ఎత్తు. గడియారంలో పన్నెండుకి అటూ ఇటూగా నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు, దాని కొసన సున్నంతో గుర్తు. డిసెంబరు మూడో వారంలో నీడ ఉత్తరానికి 89 సెంటీమీటర్లు వచ్చింది. తర్వాత రోజురోజుకీ కుంచించుకుపోయింది. మార్చిలో ఒక పిల్ల వాళ్లమ్మతో అరసవల్లి వెళ్లొచ్చింది, మూలవిరాట్టు పాదాల మీద సూర్యకిరణాలు పడతాయని. ఆ రోజు మబ్బు, దర్శనం కాలేదట. "అక్టోబరులో మళ్లీ పడతాయంట, అమ్మ ఎల్దామంది. మళ్లీ అదే దారమ్మట ఎలాగొస్తాడు మాస్టారూ?" నేను జవాబు చెప్పలేదు. గుర్తులు చూస్తుండమన్నాను. మార్చి రెండో వారంలో నీడ ఎక్కడుందో, అక్టోబరు మొదటి వారంలో ఇంచుమించు అక్కడికే తిరిగొచ్చింది. ఆ పిల్లే కనిపెట్టింది. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. తన గుర్తు పక్కన రంగు సుద్దతో అరసవల్లి గోపురం కూడా గీసింది.

కానీ ఆ అక్టోబరుకి ముందు, జూన్ 12న బళ్లు తెరిచాక, పెద్ద గొడవే జరిగింది. "మాస్టారూ, కర్రకేటో అయింది. నీడ తప్పు పక్కన పడతంది." నిజమే. పాత గుర్తులన్నీ ఉత్తరానికి, ఆ రోజు నీడ దక్షిణానికి, జానెడు కూడా లేదు. సెలవుల్లో ఎవరో కర్ర పీకి మళ్లీ పాతారని ఒకడి వాదన. మన శ్రీకాకుళం 18.3 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్ నెలలో సూర్యుడు ఉత్తరాన 23.5 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కుతాడు. అంటే మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్లి, మళ్లీ మన నెత్తి మీదుగానే దిగుతాడు. వెళ్లేది మే రెండో వారంలో, అప్పుడు బడి ఉండదు. తిరిగొచ్చేది జులై నెలాఖరున, అప్పుడేమో మబ్బులు.

పోయిన జులైలో నాలుగు రోజులు వరసగా మబ్బే. ఆఖరి రోజు పన్నెండు దాటుతుండగా కాస్త తెరిపిచ్చింది. అన్నాలు ముందు పెట్టుకున్నవాళ్లు పళ్లాలు వదిలేసి పరిగెత్తారు. "నీడ నేదు! మాస్టారూ, కర్రకి నీడ నేదు!" వంట ఆయమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. కర్ర చుట్టూ ఒకసారి తిరిగి, తన కాళ్ల కింద చూసుకుని, "ఓలమ్మో" అంది.

ఆ మధ్య తనిఖీకి వచ్చినాయన, "గోడలు బోసిగా ఉన్నాయేంటి మాస్టారూ, టీఎల్‌ఎం ఏది?" అని రిజిస్టర్ అడిగారు. కొత్తగా కొన్నవేవీ లేవు. ఆయన ముందే పెన్ను తీసి రాశాను: సరుగుడు కర్ర - 1, వెల లేదు.