తిరుపతి ఎండలో మేపుల్ మొక్క

రెండేళ్ల కిందట బెంగళూరు నర్సరీలో ఎర్రాకుల జపనీస్ మేపుల్ కనబడితే బేరం కూడా ఆడకుండా కొనేసి, కారులో ఒళ్లో పెట్టుకుని తిరుపతికి తెచ్చుకున్నాను. అమ్మ చూసి "గోంగూర మొక్కకి ఇంత డబ్బు పోశావా?" అంది. ఆకు చూస్తే అట్లానే ఉంటుంది లెండి.

మార్చి దాకా బాగానే ఉంది. ఏప్రిల్లో ఆకుల అంచులు కాగితం కాలినట్టు మాడి ముడుచుకున్నాయి. నీళ్లు చాల్లేదనుకుని రెండు పూటలా పోశాను, బలం చాల్లేదనుకుని యూరియా వేశాను. రెండూ తప్పే. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే వేరు కుళ్లుతుంది, యూరియాకి వచ్చిన కొత్తాకులేమో మెత్తగా, పచ్చగా వచ్చాయి, ఎరుపు పోయింది.

అసలు దొంగ మా బోరు నీళ్లు. గీజర్ కాయిల్‌కి పెచ్చు కట్టే నీళ్లు కదా, ఆ ఉప్పంతా ఆకు అంచుల్లో చేరి అక్కణ్నుంచే మాడుస్తుంది, పైగా మేపుల్‌కి కాస్త పులుపు మట్టి, అంటే ఆమ్ల గుణమున్న మట్టి కావాలి, ఈ నీళ్లేమో ఆ పులుపుని తగ్గిస్తాయి. కుండీ పైన తెల్లటి పొర చూశాక గానీ నాకు వెలగలేదు. అప్పట్నుంచి ఏసీ బకెట్ నీళ్లు, వానాకాలంలో డాబా మీద పట్టిన నీళ్లు మాత్రమే, అదీ మట్టి పైన ఒక అంగుళం ఆరాక, కుండీ అడుగున కారేదాకా. మొక్క మొదలు చుట్టూ శెనక్కాయ పొట్టు పరిచాను, కాండానికి తగలకుండా. మన జిల్లాలో దానికేం కొదవ!

కుండీని తూర్పు గోడకి మార్చాను, తొమ్మిదిన్నర దాకా ఎండ, తర్వాత నీడ. ఎండకి భయపడి ఒక నెల వరండా లోపల పెడితే ఎరుపు పోయి ఆకులు మళ్లీ ఆకుపచ్చగా మారాయి, ఆ ఎరుపు రంగు తయారవడానికి వెలుతురు కావాల్సిందే.

ఇంత చేసినా జపాన్ ఫోటోల్లో కనబడే ఆ నవంబరు మంట, అంటే రాలే ముందు చెట్టంతా నిప్పులా ఎర్రబడే రంగు మాత్రం రాలేదు. దానికి పగలు ఎండ, రాత్రి మంచి చలి కావాలి, ఆపైన చెట్టు ఆకు రాల్చి నిద్రపోవాలి. డిసెంబరులో కూడా ఫ్యాన్ వేసుకునే ఊళ్లో అది ఎట్లా నిద్రపోతుంది?

పోయిన జూన్‌లో మదనపల్లెలో అక్కావాళ్లింటికి చేర్చాను. అక్కడ కాస్త చల్లన. ఈ జనవరిలో అక్క ఫోన్ చేసి "ఆకులన్నీ రాలిపోయినాయిరా, చచ్చిపోయినట్టుంది, పీకేయనా?" అంది. నేను ఎగిరి గంతేసి, "అక్కా, దాని జోలికి పోవద్దు, యూరియా అస్సలు వద్దు" అన్నాను. ఫిబ్రవరి ఆఖర్లో ఎర్రటి చిగుళ్ల ఫోటో పంపింది.