తప్పు చేయనిచ్చే వెన్నెముక

సంక్రాంతి సెలవుకి ఇంగ్లండ్ నుంచి కోనసీమ వస్తూ సూట్‌కేసులో చాక్లెట్ డబ్బాల పక్కన ఒక ప్లాస్టిక్ వెన్నెముకను సర్దుకున్నాను. నడుము భాగంలో ఉండే ఐదు పూసలు. నేనూ, నా తోటి ట్రైనీలూ స్క్రూలు దించీ దించీ తూట్లు పొడిచిన ముక్క అది. ల్యాబ్‌లో ఇక పనికిరాదని పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నాను.

అక్కడ నేను ఎముకల సర్జరీలో శిక్షణ పొందుతున్నాను, ప్రస్తుతం వెన్నెముక యూనిట్‌లో. రోగి వీపు మీద నా చేయి పడకముందే ఇలాంటి వెన్నెముకల ముందు నెలల తరబడి నిలబెట్టారు. మొదట్లో చిన్నతనంగా అనిపించింది. ఆంధ్రాలో ఎంతోమందికి కట్లు కట్టి, విరిగిన ఎముకలు సరిచేసి వచ్చినవాణ్ని బొమ్మల ముందు కూర్చోబెడతారేమిటి అనుకున్నాను.

వెన్నుపూసకు ముందువైపు లావుపాటి దిమ్మె ఉంటుంది. వెనక భాగాన్ని దానితో కలిపే ఇరుకైన ఎముకను పెడికల్ అంటాం. విరిగిన పూసలను నిలబెట్టే స్క్రూ ఆ ఇరుకులోంచే వెళ్లాలి. నడుములో వేసే స్క్రూ సుమారు 6, 7 మిల్లీమీటర్ల మందం, 40 నుంచి 50 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. పెడికల్ లోపలి గోడ దాటితే నరాలే. పైన ఉన్న గట్టి పొరను తొలిచి, మొద్దు మొన ఉన్న ప్రోబ్ అనే పనిముట్టు‌ను చేత్తో నెమ్మదిగా దించుతాం. ఎముక బయట టెంకలా గట్టి, లోపల గుల్ల. ఆ గుల్లలో ప్రోబ్ తడి ఇసుకలో పుల్ల దిగినట్టు కరకరమంటూ, ఒకే బిగువుతో దిగాలి. బిగువు చటుక్కున పోయిందంటే గోడ దాటిపోయినట్టే. తర్వాత కొసన చిన్న గుండు ఉన్న సన్నటి ఊచతో నాలుగు గోడలూ, అడుగూ తడిమి చూస్తాం. పుస్తకంలో ఇదంతా అరపేజీ. నా చేతికి రావడానికి కొన్ని వందల రంధ్రాలు పట్టింది.

మొదటి వారంలోనే ఐదో పూసలో ఒక స్క్రూ వేసి, బాగా కుదిరిందని సంబరపడ్డాను. మా కన్సల్టెంట్, అంటే మాకు నేర్పే సీనియర్ సర్జన్, ఏమీ అనకుండా ఆ ముక్కను రంపంతో కోసి చూపించాడు. స్క్రూ మరలు లోపలి గోడ దాటి, నరం ఉండాల్సిన చోట మెరుస్తున్నాయి. "ఈయన రేపు లేచి నిలబడితే పాదం ఎత్తలేడు. మళ్లీ వెయ్యి" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాకుండానే ఇది నేర్చుకోవచ్చన్నమాట! మరి హౌస్ సర్జన్‌గా మొదటి కుట్లు నేను ఎవరి మీద నేర్చుకున్నాను? తల పగిలి వచ్చిన ఒక కూలీ మీద. వంకరగా పడిన కుట్లు విప్పి మళ్లీ వేశాను. ఆయన పళ్లు బిగబట్టి భరించి, చివర్లో నాకే దండం పెట్టి వెళ్లాడు. నాకు నేర్పినవాళ్లను తప్పు పట్టను, నలుగురి పని ఒక్కరే చేస్తుండేవారు. కానీ నేర్చుకునే చేయి ఎప్పుడూ డబ్బులేనివాడి ఒంటి మీదే పడటం అన్యాయం.

ఈ పద్ధతి మనవాళ్లకు కొత్తదేమీ కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయం ఈ సాధన గురించే. కోత సొరకాయ, పుచ్చకాయ, దోసకాయల మీద, కుట్లు బట్ట మీద, మెత్తటి తోలు మీద, కట్లు మనిషి బొమ్మ మీద నేర్చుకోమని అందులో ఉంది.

బ్రిటన్‌లో 2009 నుంచి జూనియర్ డాక్టర్ల పని సగటున వారానికి 48 గంటలు దాటకూడదు. ఆపరేషన్ థియేటర్‌లో ఉండే సమయం తగ్గింది కాబట్టి ల్యాబ్ అవసరం పెరిగింది. కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని చేసే వర్చువల్ ఆపరేషన్లూ ఉన్నాయి. వరస గుర్తుపెట్టుకోవడానికి అవి మంచివే గానీ, నా మటుకు చేతికి తగిలే ప్లాస్టిక్ ముక్కే గురువు. నరాల చుట్టూ ఉండే పొర చిరిగితే కుట్టడం నేర్పడానికి, ఒత్తిడితో నీళ్లు నింపిన మోడల్ ఇస్తారు. మైక్రోస్కోప్ కింద, వెంట్రుకలాంటి దారంతో, చుక్క బయటికి రాకుండా కుట్టాలి. దాని ముందు కూర్చున్నప్పుడల్లా నరసాపురంలో లేసు అల్లే మా అమ్మమ్మ వేళ్లు గుర్తొస్తాయి. అయితే ప్లాస్టిక్‌కి రక్తం రాదు, ఊపిరికి వీపు కదలదు. అందుకని తర్వాత దేహదానం చేసినవారి దగ్గర నేర్చుకుంటాం. ఆ పైన, కన్సల్టెంట్ పక్కన ఉండగా, రోగి దగ్గరికి వెళ్తాం.

ఇంతకీ ఆ ముక్కను ఊరికి ఎందుకు తెచ్చానంటే, 2003లో నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మా తోటలో కొబ్బరికాయల దింపు తీస్తున్న బాబాయ్ చెట్టు మీంచి పడ్డాడు. చుట్టం కాదు, ఊళ్లో అందరికీ బాబాయే. అప్పటికి 108 లేదు. నలుగురం పరిగెత్తాం. ఒకరు చంకలు, ఇద్దరు నడుము, నేను కాళ్లు పట్టుకుని, మనిషిని మడిచి ఆటోలో కుదించాం. ఛాతీ పూసలు నడుము పూసలతో కలిసే చోట ఎముక నలిగిపోయింది. ఎడమ కాల్లోకి బలం మళ్లీ రాలేదు. అది పడటం వల్లో, మేం ఎత్తిన తీరు వల్లో చెప్పలేను. ఆ కాళ్ల బరువు మాత్రం నా చేతుల్లో ఇంకా ఉంది.

ముక్కనుమ నాడు తోటలో ఆరేడుగురు దింపు కుర్రాళ్లను కూర్చోబెట్టాను. వెన్నెముక చేతులు మారింది. ఒకడు నరాలు దిగే సందులో వేలు పెట్టి చూసి, "ఇంతేనాండీ చోటు?" అన్నాడు. పడినవాణ్ని కదపకుండా 108కి ఫోన్ చేయడం మొదటి పని అని చెప్పాను. కదపక తప్పనిచోట ఎలాగో చేసి చూపించాను. పాత తలుపు రెక్క ఒకటి తెప్పించి, ఒక కుర్రాణ్ని గడ్డిలో పడుకోబెట్టాం. ఒకరు తలా మెడా కదలకుండా పట్టుకుని లెక్కపెడితే, మిగతావాళ్లు భుజం, నడుము, కాళ్లు పట్టి దుంగను దొర్లించినట్టు ఒకేసారి పక్కకు తిప్పాలి. అప్పుడు రెక్కను వీపు కిందికి జరపాలి.

రెండుసార్లు చేశారు. మూడోసారికి చాలనుకుని నేను లేచాను. బాబాయ్ అంతసేపూ కర్ర పట్టుకుని కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"ఆయ్, ఆగండి డాక్టర్‌గారూ. తల ముందు తిరిగిపోయిందండి, నడుం ఎనకాల వచ్చింది. ఇంకోసారి చేయించండి. లెక్క నేను పెడతాను."