బోర్డు మూల ఉండిపోయిన 33550336

సంచికకి ఏదైనా రాసి పంపమన్నారు. వార్షికోత్సవాలూ ఆటల పోటీలూ ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు కదా, నేను 33550336 గురించి రాస్తాను. మన బ్యాచ్ వాళ్లకి ఈపాటికి వెలిగే ఉంటుంది. లెక్కల మాష్టారు బోర్డు పైమూల రాసి, ఎవరూ చెరపొద్దని చుట్టూ గీత గీసిన సంఖ్య అది. దాని గురించి ఏం చెప్పగలరో చెప్పండి అనేవారు, అంతే.

సరి సంఖ్య అని ఎవరైనా చెప్తారు. రెండుతో భాగించుకుంటూ పోతే పన్నెండు సార్లు శేషం లేకుండా పోయి 8191 దగ్గర ఆగుతుంది, అది ప్రధాన సంఖ్యా కాదా అన్నదే అసలు గొడవ. 91 వర్గం 8281, అంటే 8191ని దాటేసింది కాబట్టి 89 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. బెంచీకి కొన్ని చొప్పున పంచేశారు. 53తో భాగిస్తే 29 మిగిలింది, 79తో 54, ఎవరికీ సున్నా రాలేదు.

ఇక ఆ పెద్ద సంఖ్యని వదిలేసి దాని మిగతా కారణాంకాలు కూడాలి. మొత్తం 25 ఉన్నాయి, కానీ కూర్చుని అన్నీ కూడక్కర్లేదు, నాకు నచ్చింది అదే. 1, 2, 4 అంటూ 4096 దాకా కూడితే సరిగ్గా 8191 వస్తుంది. మిగిలినవి 8191కి 1, 2, 4... 2048 రెట్లు, అన్నీ కలిపి 4095 రెట్లు. ఇందాకటి 8191 కూడా చేరిస్తే 4096 రెట్లు, అంటే మళ్లీ 33550336! ఇలాంటివాటినే పరిపూర్ణ సంఖ్యలంటారు. 8కి ఇలా కూడితే 7 వచ్చి తగ్గుతుంది, 12కి 16 వచ్చి ఎక్కువవుతుంది, సరిగ్గా అంతే వచ్చేవి చాలా అరుదు.

6, 28, 496, 8128 తర్వాత ఐదోది ఇదే. క్రీ.శ. 100 ప్రాంతంలో నికోమాకస్ అనే గ్రీకు పండితుడు, ఎన్ని అంకెలవాటిలోనైనా ఇలాంటిది ఒక్కటి ఉంటుందని, చివర 6, 8 మార్చి మార్చి వస్తాయని అనుకున్నాడు. ఇదేమో ఐదు, ఆరు, ఏడు అంకెలు దాటేసి ఏకంగా ఎనిమిదంకెల్లో తేలింది. ఎందుకంటే 1, 2, 4 అంటూ కూడుతూ పోతే 127 తర్వాత, 8191కి ముందు వచ్చే మొత్తాల్లో ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదు, 2047 కూడా 23 × 89. ఆరోది 8589869056, దాని చివరా 6 ఉండటంతో రెండో ఊహా పోయింది.

దీని అంకెలు కూడితే 28, అదీ పరిపూర్ణ సంఖ్యే, కానీ అది సరదాకే (నా దృష్టిలో). 1 నుంచి 8191 దాకా కూడినా ఇదే రావడం, 1 నుంచి 127 దాకా బేసి సంఖ్యల ఘనాలు కూడినా ఇదే రావడం మాత్రం చిన్న విషయం కాదు. బైనరీలో, అంటే 0, 1 మాత్రమే వాడి రాస్తే పదమూడు ఒకట్లు, వెనకాల పన్నెండు సున్నాలు.

1, 2, 4 అంటూ కూడితే వచ్చిన మొత్తం ప్రధాన సంఖ్య అయితే, దాన్ని చివర కూడిన సంఖ్యతో గుణించడం, సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ అచ్చులోంచే వస్తాయని గణిత శాస్త్రవేత్త ఆయిలర్ నిరూపించాడు. బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటైనా ఉందా అన్నది మాత్రం ప్రపంచంలో ఎవరికీ ఇప్పటికీ తేలలేదు. మన మాష్టారు దాన్ని హోంవర్క్‌గా ఇచ్చారు, మర్నాడు ఎవరో ఒకరు చేసుకొచ్చేస్తారన్నట్టు. చేసినవాళ్లుంటే గ్రూపులో పెట్టండి.