నాన్న ల్యాప్‌టాప్‌లో పాత విండోస్ తీసేసిన రోజు

నాన్న రిటైరై అనంతపురం నుంచి బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి వచ్చేటప్పుడు బట్టల కంటే ముందు సర్దుకున్నది ఆయన ల్యాప్‌టాప్. 2016లో కొన్నది, ఇంటెల్ ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్. ఆన్ చేసి వెళ్లి కాఫీ కలుపుకొచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉండాలి. కొత్తది కొందాం నాన్నా అంటే ఒప్పుకోలేదు. "బాగానే పనిచేస్తుంటే ఎందుకమ్మా" అన్నారు.

సరే, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామనుకున్నాను. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, అందులో తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకమైతే 4 జీబీ ర్యామ్‌లో హాయిగా నడుస్తుంది.

ఇక్కడ నేను చేసిన ఒక్క మంచి పని చెప్తాను. పాత డిస్క్‌ని ఫార్మాట్ చేయలేదు. శనివారం కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లి ఒక సాటా ఎస్‌ఎస్‌డీ (పాతదాని కంటే వేగంగా పనిచేసే డిస్క్), దాంతోపాటు డిస్క్‌ని బయటినుంచి యూఎస్‌బీకి కలిపే కేబుల్ తెచ్చాను. పాత డిస్క్ విప్పి కవర్లో పెట్టి బీరువాలో దాచి, కొత్తదాని మీద మింట్ వేశాను. బ్యాకప్ తీసుకున్నా సరే, మీకు వీలైతే ఇలాగే చేయండి, ఎందుకో కిందకి వస్తే తెలుస్తుంది.

ఇన్‌స్టాల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఐఎస్ఓ, అంటే మింట్ మొత్తం ఉండే ఫైలు దించుకొని, అది చెడిపోకుండా వచ్చిందో లేదో చెప్పే చెక్‌సమ్ సరిపోయిందో చూసి, పెన్‌డ్రైవ్‌లోకి రాసి, దాన్నుంచి బూట్ చేయడం, అంతే. అరగంట కూడా పట్టలేదు. ఆ తర్వాత కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చాను. నాన్న ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో కొడతారు, స్వరాలు ఎక్కువగా ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి వైపు. కూర్చొని చూడకుండానే షిఫ్ట్ డి, సి, డి, సి కొట్టారు. తెర మీద 'అమ్మ' వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే ఈ వయసులో వేళ్లకి అలవాటైంది మార్చుకోమని ఆయన్ని అడగడం నాకు ఇష్టం లేదు.

తర్వాత ఆయన ఫైలు తెరిచారు. నాన్న ఇరవై ఏళ్లుగా మా జిల్లా పల్లెల్లో సేద్యం మాటలు పోగుచేస్తున్నారు, కాడి, మేడి, గుంటక, గొర్రు, జడ్డిగం, ఒక్కో మాటకి ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో ఎలా అంటారు అన్నీ రాసుకొని. అందులో మొదటి రెండు వందల పేజీలు చాలా ఏళ్ల కిందట ఊళ్లో డీటీపీ షాపులో అను ఫాంట్‌లో కొట్టించినవి. తెరవగానే పేజీ నిండా నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, పౌండు గుర్తులు, ప్రశ్నార్థకాలు. "ఇదేం భాషమ్మా?" అన్నారు మెల్లగా. నా చేతులు చల్లబడ్డాయి.

ఆ పాత ఫాంట్ల సంగతి ఏంటంటే, ఫైల్లో ఉండేవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాల నంబర్లే ఉంటాయి, వాటి మీద తెలుగు బొమ్మ వేసేది ఫాంట్. అన్ని లిపుల అక్షరాలకీ విడివిడిగా నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిలో మన లిపికి విడిగా 128 గళ్లు ఉన్నాయి కాబట్టి ఏ ఫాంట్ మార్చినా 'క' 'క'గానే ఉంటుంది, పాత పద్ధతిలో ఫాంట్ పోతే రాసింది చదవడానికి ఉండదు. నేను డాక్యుమెంట్లు, ఫొటోలు, పాస్‌వర్డులు అన్నీ కాపీ చేశాను కానీ సీ డ్రైవ్‌లో విండోస్ కింద ఉండే ఫాంట్స్ ఫోల్డర్ నాకు తట్టనే లేదు.

బీరువాలోంచి పాత డిస్క్ తీసి కేబుల్‌తో తగిలిస్తే ఫాంట్లు అక్కడే ఉన్నాయి. తెచ్చి కొత్త సిస్టమ్‌లో వేశాక పేజీలు మళ్లీ తెలుగయ్యాయి. ఆ రాత్రి అందరం భోజనాలు చేసేసరికి పదిన్నర.

కానీ ఇంకోసారి ఆ టెన్షన్ వద్దు. అందుకే ఇప్పుడు మొత్తం యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. కన్వర్టర్లు ఉన్నాయి గానీ వాటిని వదిలేసి ఊరుకోవడానికి లేదు, ఒత్తులు జారిపోతాయి. 'జడ్డిగం'లో డ ఒత్తు పక్క అక్షరం కిందికి వెళ్లిపోయింది, నాకు కనపడలేదు, నాన్న ఒక్క చూపులో పట్టేశారు. గొర్రు వెనక గింజలు పోసే గిన్నె లాంటిది జడ్డిగం, దాని రంధ్రాల్లోంచి గొట్టాల గుండా విత్తనం సాళ్లలో పడుతుందని అప్పుడే ఆయన చెప్తే తెలిసింది నాకు.

రోజూ ఆఫీసు నుంచి వచ్చాక ఐదారు పేజీలు చూస్తున్నాం, ఆయన కాగితం ప్రతి పట్టుకొని చదువుతారు, నేను తెర మీద దిద్దుతాను. నిన్న రాత్రి 'ప'లోకి వచ్చాం, పలుపు దగ్గర ఆపాం.