నాలుగు గదుల కొలత

పొద్దున ఎండ రాకముందే మా కారు ఇంజిను పైన మూతలా కూర్చునే సిలిండర్ హెడ్డును వరండాలో పాత చాప మీద వెల్లకిలా పెట్టాను. మూడు రోజులుగా కిరోసిన్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో మసి వదిలించాను. అల్యూమినియం ఇప్పుడు కొత్తగా తోమిన గిన్నెలా ఉంది. పెట్రోలు మండే నాలుగు దహన గదులూ ఆకాశం వైపు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వాటిని కొలవడమే ఈ రోజు పని.

బండి 1978 నాటి పద్మిని. కుర్లాలోని ప్రీమియర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఫియట్ 1100 నుంచి వచ్చిన 1089 సీసీ ఇంజిను, బోరు, అంటే సిలిండరు వెడల్పు, 68 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే అందులో పిస్టన్ కదిలే దూరం, 75. నిరుడు కార్తీక మాసంలో నలుగురం కోటప్పకొండ వెళ్లినప్పుడు ఘాట్ రోడ్డులో ఫస్ట్ గేరు తప్ప ఏదీ పని చెయ్యలేదు. సగం దారిలో నాన్న ఒక మలుపు పక్కన బండి ఆపి, బానెట్ ఎత్తి, ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారు. ఆయన అలా నిలబడటం నేను భరించలేకపోయాను. ఇంజిను విప్పాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

బోర్లు అరిగి కోలగా తయారయ్యాయి. ఆటోనగర్‌లో అర మిల్లీమీటరు ఓవర్‌సైజుకు బోరింగు చేయించాను. దానితో ఇంజిను 1105 సీసీ అయింది. పెరిగింది 16 సీసీ. అంతమాత్రానికి కొండ ఎక్కదు. బలం రావాలంటే హెడ్డులోనే రావాలి.

కొలిచే పద్ధతి తేలికైనదే, ఓపిక మాత్రం చాలా కావాలి. వాల్వులూ ప్లగ్గూ బిగించి, గది అంచు చుట్టూ వ్యాజలైన్ రాసి, చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ పలకను దాని మీద అంటించాలి. బ్యూరెట్‌లోంచి, అంటే కొలత గీతలున్న గాజు గొట్టంలోంచి, రంగు కలిపిన కిరోసిన్‌ను ఆ రంధ్రం గుండా చుక్కచుక్కగా వదలాలి. లోపల గాలి బుడగ ఒక్కటి మిగిలినా కొలత తప్పు. మొదటి గదిని మూడుసార్లు కొలిచాను. పక్కన కుర్చీలో కూర్చుని నాన్న నాలుగు గదుల అంకెలూ సీసీల్లో రాసుకున్నారు: 34.1, 35.2, 33.6, 34.5.

ఆ వరుసను ఇద్దరం చాలాసేపు చూశాం. హెడ్డు కింద వేసే గాస్కెట్ మందం, పిస్టన్ పైన మిగిలే ఖాళీ కలిసి మరో 5 సీసీ. పిస్టన్ లోపలి గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పేది కంప్రెషన్ నిష్పత్తి; అది పెరిగితే బలం పెరుగుతుంది. లెక్క వేస్తే అది రెండో సిలిండరులో 7.9, మూడో దానిలో 8.2. ఒకే కాడికి కట్టిన ఎద్దులు ఒక్కోటి ఒక్కో నడక నడిచినట్టు, నలభై ఏళ్లకు పైగా ఈ ఇంజిను తనలో తనే గుంజుకుంటూ నడిచింది. బలం పెంచడమంటే పెద్ద కార్బ్యురేటరు తెచ్చి బిగించడం అనుకుంటారు చాలామంది. నాకు మాత్రం ముందు ఈ నాలుగింటినీ సమానం చెయ్యాలనే పట్టుదల. ఇంజినులో ఇప్పటికే ఉన్న బలాన్ని వృథా కానివ్వకపోవడమే మొదటి పని.

మధ్యాహ్నం భోజనం మరిచిపోయి, చిన్న గదులు మూడింటినీ కొద్దికొద్దిగా అరగదీసి 35.2కు తెచ్చాను. వాల్వు సీట్ల దగ్గర చెయ్యి జారకుండా ఊపిరి బిగబట్టి పని చేశాను. హెడ్డు అడుగును కోస్తే గదులు చిన్నవై నిష్పత్తి పెరుగుతుంది. ఇక కోత ఎంత? 8.4 నిష్పత్తి చాలనుకున్నాను. అంటే ఒక్కో గదిలో 2.8 సీసీ తగ్గాలి. పలక తీసేసి, హెడ్డును రసమట్టంతో సరిచూసి, 32.4 సీసీ మాత్రమే పోశాను. కిరోసిన్ అంచుకు ఎంత కిందికి నిలిచిందో డెప్త్ గేజ్‌తో చూస్తే 0.9 మిల్లీమీటర్లు. అంతే కోత.

"ఒకసారి కోసిన లోహం మళ్లీ రాదమ్మా," అన్నారు నాన్న. ఆయన భయం నాకు తెలుసు. అందుకే నాలుగు గదుల్లోనూ మళ్లీ పోసి చూపించాను. అన్నింట్లోనూ అదే లోతు. ఆయన తన పాత సర్వీసు పుస్తకంలో ఆ అంకె రాసి, కింద గీత గీశారు. అది ఒప్పుకున్నట్టే.

హెడ్డు అంత కిందికి దిగితే, కింది నుంచి వాల్వులను కదిలించే పుష్‌రాడ్లు అంత పైకి నెడతాయి. కాబట్టి వాల్వులను నొక్కే రాకర్ల స్తంభాల కింద షిమ్ములు, అంటే పలచని రేకులు, వెయ్యాలి. వాల్వులు పిస్టన్‌కు తగలకుండా చూడటానికి పిల్లలు ఆడుకునే మైనపు మట్టి ముద్దను పిస్టన్ మీద పెట్టి, హెడ్డు తాత్కాలికంగా బిగించి, ఇంజినును చేత్తో తిప్పి, ఆ ముద్ద ఎంత పలచబడిందో కొలవాలి. ఇది వచ్చే ఆదివారం పని. ఈ రోజుల్లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ వస్తోంది. అది ఎక్కువ కంప్రెషన్‌ను బాగానే తట్టుకుంటుంది కానీ, అదే గాలికి ఇంధనం కొంచెం ఎక్కువ కావాలి. అందుకని సోలెక్స్ కార్బ్యురేటరుకు ఒక మెట్టు పెద్ద మెయిన్ జెట్, అంటే పెట్రోలు వచ్చే రంధ్రం, తెప్పించాను. ఇథనాల్‌కు పాడవుతాయని పాత రబ్బరు గొట్టాలన్నీ ముందే పీకి పారేశాను.

సాయంత్రం హెడ్డును దుప్పటిలో చుట్టి ఆటోనగర్ తీసుకెళ్లాను. మేస్త్రిగారు దాన్ని వెలుతురు వైపు తిప్పి, గదుల్లో వేలితో నిమిరి, "ఎవరు చేశారమ్మా ఇది?" అన్నారు. నేనే అన్నాను. ఆయన తల ఊపి, "పాయింట్ తొమ్మిదీ ఒక్కసారే తియ్యను. ముందు పాయింట్ ఏడు తీస్తాను, మీరు వచ్చి మళ్లీ కొలవండి, తర్వాత మిగతాది," అన్నారు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

తిరిగొచ్చేటప్పుడు పిస్టన్లు నాలుగింటినీ మాకు తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకెళ్లాను. బంగారం తూచే త్రాసులో నాలుగో పిస్టన్ మిగతావాటికంటే 4 గ్రాములు ఎక్కువ తూగింది. నిమిషానికి 4800 చుట్ల వేగంలో పిస్టన్ సెకనుకు 160 సార్లు దిశ మార్చుకుంటుంది. ఆ 4 గ్రాములు అన్నిసార్లూ బేరింగుల మీద పడతాయి. లోపలి అంచు నుంచి ఆకురాయితో తియ్యాలి.

రాత్రి నాన్న మళ్లీ సర్వీసు పుస్తకం తెరిచారు. 0.9 పక్కన పెన్సిలుతో 0.7 అని రాసి, దాని ముందు "మొదట" అని చేర్చారు.