మా పాప ఫోటో మా పాపలాగే ఉండాలి

పాప మూడో పుట్టినరోజుకు ఇక్కడే కర్నూలులో ఒక స్టూడియోలో ఫోటో తీయించాం. తీయడం వరకు ఏ ఇబ్బందీ లేదు. కొత్త గౌను, చెంపకు దిష్టిచుక్క, బుద్ధిగా కూర్చుంది. డబ్బు ముందే కట్టేశాం. ఫ్రేము కట్టిన ఫోటో తెచ్చుకుందామని వెళ్లిన రోజు నాకు కడుపు మండిపోయింది.

మా పాపది చామనఛాయ. నాదీ అంతే, మా అమ్మదీ అంతే. కవరు విప్పితే అందులో ఉన్న పిల్ల బియ్యప్పిండి అద్దినట్టు తెల్లగా ఉంది. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు. పెదవులు గులాబీ రంగు. ముక్కు పక్కనుండే చిన్న పుట్టుమచ్చ లేదు. నేను పెట్టిన దిష్టిచుక్కా లేదు. నా పక్కనే నిలబడ్డ పాప దాని వంక చూసి, "అమ్మా, ఆ పాప నా గౌను ఏసుకునింది" అంది.

"అన్నా, రంగు ఎందుకు మార్చారు?" అని అడిగాను. కౌంటర్ దగ్గరున్న అతను తల కూడా ఎత్తలేదు. "పాప కలర్ కొంచెం తక్కువ కదమ్మా, నేనే పెంచినా. దానికేం ఎక్స్‌ట్రా తీసుకోలేదులే" అన్నాడు, ఏదో మేలు చేసినట్టు. షాపులో జనం ఉన్నారు. పాప వింటోంది. మూడేళ్ల పిల్లకు ఏం తెలుసులే అనుకుంటారు, అన్నీ తెలుస్తాయి. నాకు మాట పెగల్లేదు. ఈలోపు పెళ్లి ఆల్బమ్ తిరగేస్తున్న ఒక పెద్దావిడ కలగజేసుకుని, "ఆడపిల్ల కదమ్మా, తెల్లగుంటే మంచిదే కదా, గొడవెందుకు?" అంది. "మా పిల్ల ఇట్లున్నా మంచిదే పెద్దమ్మా" అన్నాను. గొంతు వణికింది గానీ గట్టిగానే అన్నాను.

ఎడిట్ చేయని ఫోటో ఇమ్మంటే డిలీట్ అయిపోయిందన్నాడు. మెమరీ కార్డు చూపించమంటే ఓనర్ లేడన్నాడు. మళ్లీ ప్రింట్ కావాలంటే మళ్లీ డబ్బు కట్టాలట. పైగా, "అందరూ అడిగి మరీ తెల్లగా చేయించుకుంటారు, వద్దనేది మీరొక్కరే" అని అందరి ముందూ నవ్వాడు. నేను కదల్లేదు. కుర్చీ లాక్కుని పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వచ్చిన ప్రతి గిరాకీకీ ఆ ఫోటో, పక్కన మా పాపను చూపించి జరిగింది చెప్పాను. కాసేపటికి డిలీట్ అయిన ఫైలు అదే కంప్యూటర్‌లో దొరికింది. పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని వచ్చాను. అలా కూర్చున్నందుకు ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంది.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. ఫిల్ము రోజుల్లో కొడాక్ కంపెనీ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి ఒక తెల్ల అమ్మాయి ఫోటో ఉన్న కార్డు పంపేది. షర్లీ కార్డు అనేవారు. ఆ ముఖం బాగా వస్తే ఫోటో బాగా వచ్చినట్టే లెక్క. చాక్లెట్ల కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలు తమ సరుకు రంగు సరిగ్గా పడటం లేదని మొత్తుకున్నాక గానీ గోధుమ, నలుపు ఛాయల మీద శ్రద్ధ పెట్టలేదు. మనుషుల ముఖాల కంటే చాక్లెట్‌కు విలువ ఎక్కువైంది. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్లలో అన్ని ఛాయలూ ఉన్నవి ఉన్నట్టు పడాలని రియల్ టోన్ అనే సదుపాయం తెచ్చింది. ఫోన్లే నేర్చుకుంటుంటే మన స్టూడియోల వాళ్లకు ఏమొచ్చింది?

ఇంటికొచ్చాక ఇక పాప ఫోటోలు నేనే తీయాలనుకున్నాను. మొదట ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేశాను. చాలా ఫోన్లలో అది మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. అదీ ఆ స్టూడియో పనే చేస్తుంది.

అసలు సంగతి వెలుతురులో ఉంది. తెల్లగోడ ముందు నిలబెడితే, వెలుగు ఎక్కువైందనుకుని ఫోను మొత్తం తగ్గించేస్తుంది, ముఖం నల్లబడుతుంది. అప్పుడు "పిల్ల నల్లగా పడింది" అంటారు. పిల్ల రంగులో లోపమేమీ లేదు. తెరమీద ముఖాన్ని వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరిపితే సరిపోతుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టినా ఇదే తంటా. కిటికీ పాప పక్కన ఉండాలి. కర్నూలు మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరినీ తీయకండి, కళ్ల కింద నల్లని నీడలు తప్ప ఏమీ రావు. మా వరండాలో బేతంచెర్ల బండలున్నాయి. పొద్దున ఎండ వాటి మీద పడి కింది నుంచి ముఖానికి మెత్తటి వెలుగు కొడుతుంది. ఆ నీడపట్టునే పాప ఉగ్గాని తింటుంది, నేను ఎదురుగా నేలమీద కూర్చుని తీస్తాను. గడ్డానికి ఒక పసుపు బొరుగు అంటుకుని, మిరపకాయ బజ్జీ వైపు అనుమానంగా చూస్తున్న ఫోటో అలా వచ్చిందే. "నవ్వు నవ్వు" అంటే పళ్లు చూపిస్తారు, అంతే. పని ఇచ్చి ఊరుకోండి.

ఫోను ముఖం దగ్గర పెడితే ముక్కు పెద్దదిగా పడుతుంది, రెండడుగులు వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెట్టండి. పరిగెత్తే పిల్లలను రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీస్తే చెదిరిపోతారు. సాయంత్రం తుంగభద్ర ఒడ్డున సంకల్‌బాగ్ ఘాట్ దగ్గర తీస్తే ఆ బాధ లేదు, కానీ నీళ్ల దగ్గర ఒకరు పిల్లను చూసుకోవాలి, ఇంకొకరు ఫోటో తీయాలి.

ప్రింట్లకు ఆ స్టూడియో గడప తొక్కలేదు, వేరే ల్యాబ్‌కు ఇచ్చాను. ఫోన్ ఫోటో కొలత వేరు, నాలుగు బై ఆరు కాగితం కొలత వేరు. అందుకే తల పైన కాస్త ఖాళీ ఉన్నవే ఎంచుకున్నాను, లేకపోతే పిలక తెగిపోతుంది. కవరు మీద "రంగు ముట్టుకోవద్దు" అని రాయించాను. నిన్న తెచ్చుకునేటప్పుడు అక్కడే నిలబడి ఒక్కొక్కటీ చూశాను. ఒకదాంట్లో ముఖం తెల్లబడింది, మిషన్ ఆటోమేటిక్‌గా సరిచేసిందట. వెనక్కిస్తే ఆ అబ్బాయి ఏమీ అనకుండా, పైసా అడగకుండా ఇంకోటి వేసిచ్చాడు.