కాసు మీద గుర్రం, దాని కాళ్ల కింద ‘ఐ’

నాయనమ్మ దాచిన గుర్రం బొమ్మ కాసులను మా ముగ్గురికీ పంచే పని నా మీద పడింది. తూకం వేసి మూడు వాటాలు చేస్తే సరిపోతుందని చెల్లి అంది. అమెరికాలో ఉన్న తమ్ముడు ఒప్పుకోలేదు. "అన్నయ్యా, అవి సవరన్లు, బ్రిటిష్ వాళ్ల బంగారు నాణేలు. ఏ ఏడాదివో, ఎక్కడ కొట్టినవో చూడకుండా పంచేస్తే ఎలా?" అన్నాడు. అంతకు ముందు ఒక నగల షాపులో చూపిస్తే, వాళ్లు బొమ్మ వైపు కన్నెత్తి చూడలేదు. పాత బంగారం అని రాసుకుని, తరుగు తీసేసి ధర చెప్పారు.

ముందు తూకంతోనే మొదలుపెట్టాను. సవరన్ కొలతలు పక్కాగా ఉంటాయి: బరువు 7.988 గ్రాములు, అడ్డుకొలత 22.05 మిల్లీమీటర్లు, బంగారం 22 క్యారెట్లు. మిగిలింది చాలావరకు రాగి కాబట్టి కాస్త ఎర్రగా కనిపిస్తుంది. అరిగి అరిగి బరువు 7.938 కన్నా తగ్గితే అప్పట్లో బ్రిటన్‌లో దాన్ని డబ్బుగా తీసుకునేవారు కాదు. మా వాటిలో కొన్ని అంతకన్నా తక్కువ తూగాయి. కాసులపేరులో గుచ్చడానికి కొక్కెం అతికించినవేమో ఎక్కువ తూగాయి. ఇక క్యారెట్ మీటర్‌లో పెట్టిస్తే దాదాపు అన్నీ ఒకటే చూపించాయి. దాంతో పని జరగలేదు, ఎందుకంటే కాసులపేరు కోసం కంసాలులు కూడా 22 క్యారెట్ల బంగారంతో ఇదే బొమ్మ అచ్చు కొట్టి కాసులు చేసేవారు. బంగారం అసలుదే, నాణెమే కాదు. ఆ తేడా మెషిన్‌కు తెలియదు. బొమ్మను చూసే కనిపెట్టాలి.

భూతద్దం పెట్టి చూడటం మొదలుపెట్టాక పంపకం సంగతే మర్చిపోయాను. గుర్రం మీద ఉన్నది ఇంగ్లండ్ రక్షకుడిగా కొలిచే సెయింట్ జార్జ్. గుర్రం కాళ్ల కింద రెక్కల డ్రాగన్. చెడు మీద మంచి గెలవడం అనే పాత కథే. దీన్ని చెక్కినవాడు బెనెడెట్టో పిస్ట్రుచి, ఇటలీ నుంచి లండన్ వచ్చిన రత్నశిల్పి. 1817లో కొత్త సవరన్ వచ్చినప్పటి నుంచీ ఈ బొమ్మ ఉంది. మధ్యలో కొన్నేళ్లు పక్కన పెట్టి, 1871లో మళ్లీ తెచ్చారు. యుద్ధానికి వెళ్లే మనిషికి ఒంటి మీద కవచం ఉండదా? ఉండదు. తల మీద శిరస్త్రాణం, భుజాల వెనక ఎగిరే వస్త్రం, కాళ్లకు బూట్లు, అంతే. గ్రీకు వీరులను చెక్కే పద్ధతి అది. మొదట్లో చేతిలో విరిగిన ఈటె ఉండేది. 1821 నుంచి చిన్న కత్తి వచ్చింది, ఈటె ముక్క నేల మీద పడి ఉంటుంది. నన్నడిగితే కూరగాయల కత్తి కన్నా కాస్త పెద్దదైన ఆ కత్తితో అంత పామును చంపడం అసాధ్యం. కానీ గుర్రం ఒంట్లో ఆ ఊపు చూస్తే కత్తి గురించి ఎవరూ అడగరు.

దొంగ కాసులు బయటపడింది ఇక్కడే. అసలు నాణెంలో డ్రాగన్ గోళ్లు, గుర్రం కండరాలు విడివిడిగా తెలుస్తాయి. అడుగున కుడి వైపు పిస్ట్రుచి పేరులోని ‘బి.పి.’ అనే రెండు చిన్న అక్షరాలు ఉంటాయి. అచ్చు కాసుల్లో ముఖాలు మెత్తబడి ఉన్నాయి, ఆ అక్షరాలు చుక్కల్లా మిగిలాయి, అంచు గీతలు ఒక చోట దగ్గరగా, ఒక చోట దూరంగా ఉన్నాయి. ఒకసారి తేడా పట్టాక భూతద్దం లేకుండానే చెప్పగలిగాను.

రెండో వైపు అప్పటి బ్రిటన్ రాజు ఐదో జార్జ్ తల ఉంది, ఎడమకు తిరిగి. మెడ దగ్గర ‘బి.ఎం.’ అని ఉంటే అది బెర్ట్రమ్ మెకెన్నల్ అనే ఆస్ట్రేలియా శిల్పి గుర్తు. చుట్టూ లాటిన్ మాటల చివర ‘ఇండ్ ఇంప్’, అంటే భారత చక్రవర్తి. విలువ మాత్రం ఏ వైపునా రాసి ఉండదు. ఒక పౌండు అని అందరికీ తెలుసు, రాయాల్సిన అవసరం ఏముంది అనుకున్నట్టున్నారు!

ఏడాది అంకెల పైన, గుర్రం నిలబడ్డ నేల గీత మీద, ఎక్కడ కొట్టారో చెప్పే అతి చిన్న అక్షరం కోసం వెతకాలి. ‘ఎస్’ ఉంటే సిడ్నీ, ‘ఎం’ ఉంటే మెల్‌బోర్న్, ‘పి’ ఉంటే పెర్త్. ఏమీ లేకపోతే లండన్. మా వాటిలో ఒకదాని మీద 1918, గీత మీద ‘ఐ’. ఇండియా. బొంబాయిలో బ్రిటన్ టంకశాల రాయల్ మింట్ శాఖ తెరిచి కొట్టిన నాణెం! మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. లండన్ నుంచి అచ్చులు వచ్చేదాకా అదే బరువులో 15 రూపాయల మొహర్లు కొట్టారు, వాటి మీద మాత్రం విలువ రాశారు. తర్వాత సుమారు 13 లక్షల సవరన్లు కొట్టారు. అన్నిటి మీదా 1918 అనే ఉంటుంది. ఆ శాఖ 1919లోనే మూతపడింది.

ఫొటో పంపగానే తమ్ముడు తనకే కావాలన్నాడు. అక్కడ అడ్డం వచ్చింది చట్టం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, మనలాంటి వాళ్లు దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. లాకర్‌లో పెట్టి వచ్చినప్పుడు చూసుకుంటానన్నాడు కానీ, చెల్లి ఊరుకోలేదు. చివరికి తమ్ముడు కంసాలి అచ్చు కాసులు, వాటికి తోడు కొంత డబ్బు తీసుకున్నాడు. లండన్‌వి నాకు, ‘ఐ’ కాసు చెల్లికి.

దాన్ని మెడలో వేసుకుంటానంటే కొక్కెం అతికించవద్దని బతిమాలాను. టంకం వేడి తగిలినా, మెరుగు పెట్టినా నాణెంగా దాని విలువ పోతుంది. కంసాలితో మాట్లాడి, కాసును ముట్టకుండా చుట్టూ సన్నటి బంగారు పట్టీ కట్టించాం. ఏ వైపు బయటికి కనిపించాలన్న గొడవ మాత్రం ఇంకా నడుస్తోంది. అమ్మ రాజు బొమ్మే అందం అంటుంది. చెల్లి గుర్రం వైపే తిప్పుకుని తిరుగుతోంది.